సిరిసిల్లకు మోయని మాట

ఒక పని వాయిదా వేస్తే మిగతా పనులు చురుగ్గా అవుతాయట. అదొక కిటుకని మా ఆఫీసులో ఎవరో మొన్న పాఠం చెప్పారు. నాకా చెప్పేది? తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆ విద్యలో నన్ను మించినవాడు కోరుట్లలో లేడు.

అన్న దుబాయ్ పోయేముందే వాడికి సిరిసిల్లలో సంబంధం ఖాయం చేశాం. పిల్ల తండ్రి సాంచాల మీద బట్ట నేసేవాడు. ఆ ఏడు ఉగాదికి అన్న ఫోన్ చేశాడు.

"నాకు గా పిల్ల వద్దురా. గిది ఫోన్ల చెప్తే బాగుండది. నువ్వు పోయి చెప్పు. ఊకే ఎదురుచూడనియ్యకు."

సరేనన్నాను. రెండు బస్సులు మారితే సిరిసిల్ల. చెప్పాల్సింది ఒక్క మాట. అది తప్పించుకోవడానికి నేను చేసిన ఘనకార్యాలు అన్నీ ఇన్నీ కావు. మర్నాడే ఇంటి పెంకులు సర్దాను. జగిత్యాల కాలేజీలో ఏళ్లుగా తప్పుతూ వచ్చిన సబ్జెక్టులన్నీ ఒక్క దెబ్బకు పాసయ్యాను. అమ్మ బీడీలు చుడుతుంటే ఆకు కత్తిరించి ఇచ్చాను. కరపత్రాలు రాశాను. రోడ్డు మీద వంటావార్పుకు గంపలకొద్దీ ఉల్లిగడ్డలు కోశాను. "కొడుకంటే గిట్ల ఉండాలె" అని వాడకట్టంతా అమ్మతో అనేది. సిగ్గులేని చెవులు, వినబుద్ధయ్యేది.

అన్న అడిగినప్పుడల్లా "బస్సులు బందున్నయే" అనేవాణ్ణి. కొన్నిసార్లు అది నిజమే. బస్సులు నడిచిన రోజున గోడలకు సున్నం వేశాను.

ఆ ఎండాకాలమే, ఊరేగింపు ఉందంటే లారీ ఎక్కి సిరిసిల్లకే పోయాను. జెండా పట్టుకుని ముందు నడిచాను. వాళ్ల గల్లీ రాగానే తల దించుకుని, అందరికంటే గట్టిగా జై కొట్టాను. గొంతు ఎండిపోతే ఎవరో చెంబు అందించారు. తల ఎత్తకుండానే తాగి ముందుకు పోయాను.

బతుకమ్మ పండుగ అయ్యాక, ఇంట్లో చేయడానికి ఇంకే పనీ మిగలక, వెళ్లాను. పిల్ల తండ్రి కుర్చీ వేశాడు.

"రా అయ్యా. అన్న ఎప్పుడస్తున్నడు?"

చెప్పేశాను. ఆయన కూతురి వైపు చూశాడు. గుమ్మంలో నిలబడిన ఆ అమ్మాయే అడిగింది.

"ఎన్నడు చెప్పిండు మీ అన్న?"

"ఉగాదికి."

"జ్యేష్ఠంల నాకు మంచి సంబంధం అచ్చింది. మీకు మాటిచ్చినమని నాయిన వద్దన్నడు. శ్రావణంల గాయినకు వేరే పిల్లతోని లగ్గం అయిపాయె."

"బస్సులు బందుండె," అన్నాను. అప్పుడు కూడా అదే అన్నాను, నా నోరు పడ.

ఆమె గొంతు పెంచలేదు.

"ఊరేగింపుకు అచ్చినవ్ గద. గా చెంబు ఇచ్చింది నేనే. లగ్గం ముచ్చట ఏమన్న చెప్తవేమోనని గల్లీ చివరి దాక నీ ఎంబడే నడిసిన."