అన్నయ్య తిప్పిన స్క్రూ

మా అన్నయ్య చిన్న విమానాలు నడపడం నేర్పుతాడు. సెలవు పెట్టి నూజివీడు వచ్చినా ఫోన్లో తోటి పైలట్‌తో ఒకటే గొడవ. పైకెళ్ళాక ఇంజన్‌కిచ్చే పెట్రోలు బాగా తగ్గించాలని అన్నయ్య అంటాడు. ఎక్కువిస్తేనే ఇంజన్ చల్లగా ఉంటుందని అతనంటాడు.

ఆ ఉదయం నాన్న పెట్రోలుతో నడిచే స్ప్రేయర్ వీపున తగిలించుకుని మామిడి పూతకు మందు కొడుతున్నాడు. దాని ఇంజన్ పొగ చూసి అన్నయ్య ఉండబట్టలేకపోయాడు.

"పెట్రోలు ఎక్కువ తాగేస్తోంది, ఓసారి ఆగు నాన్నా," అంటూ పెట్రోలు తగ్గేలా కార్బురేటర్ స్క్రూ తిప్పేశాడు.

పొగ పోయింది. మోత కూడా తేటపడింది. రెండు చెట్లు తడిశాయో లేదో, ఇంజన్ కీచుమని పట్టేసింది. తాడు లాగితే కదల్లేదు.

"ఇందులో ఇంజనాయిల్ ఎక్కడ పోస్తారు?" అన్నయ్య అప్పుడడిగాడు.

"పెట్రోల్లోనే కలిపి పోస్తాం కదరా!"

అంటే పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గించేశాడు. ఇంజన్ల గురించి పాఠాలు చెప్పే మనిషి ఆ ఒక్క ముక్క ముందే అడగొద్దూ?

అంతలో ఫోన్ మోగింది. అన్నయ్య నాలుగడుగులు అవతలికెళ్ళి అరుస్తున్నాడు: "తగ్గిస్తేనే ఇంజన్ చల్లగా ఉంటుందిరా, రాసిపెట్టుకో!"

నాన్న కిందికి దించిన స్ప్రేయర్ పక్కకు జరుపుదామని నేను ఇంజన్ మీద చెయ్యేశాను. చుర్రుమంది.