చుక్కల ఓడలో మా గొర్రెలు

"గొర్రెలు దిగినయా?" అని అడిగాను.

"రేపు దిగుతయ్. జర ఆగలేవా?" అని మా ఆయన పుస్తకం మూశాడు.

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. తెల్లారి మందను తోలుకుపోయిన మనిషి చేను గట్టు మీద కూలబడ్డాడు. సూర్యాపేట దవాఖాన చేరేలోపే పోయాడు. గొర్రెలు మాత్రం ఇంకా ఓడలోనే ఉన్నాయి.

ఆ ఓడ టీవీ సీరియల్‌లోది. భూమ్మీద నీళ్లు ఖతమైతే, జనం ఓడెక్కి వేరే చుక్క మీదికి బతకపోతారు. తిరుమలగిరిలో మా ఇంట్లో అన్నం తింటూ చూసేవాళ్లం. కథ సగంలో ఉండగా ఆపేశారు. జనం దిగారో లేదో తెలియక మా ఆయన పరేషాన్ అయ్యాడు. మిర్యాలగూడకు పొట్టేళ్లు అమ్మబోయినప్పుడు, బస్టాండు దుకాణంలో అదే సీరియల్ నవలగా కనబడితే కొనుక్కొచ్చాడు. నాకు సంతకం వరకే చదువు. పొద్దుగూకాక ఆయన చదివేవాడు, నేను కందులు చెరుగుతూ వినేదాన్ని.

మొదటి రోజే అడిగాను. "ఇంతమంది ఊరు ఖాళీ చేసి పోతున్నరు. ఒక్కని దగ్గరన్న జీవాలు లేవా?"

"ముందు పేజీల ఉన్నయ్. సదవనియ్యి."

మర్నాటికి ఓడలోకి మంద వచ్చింది. ఒకదానికి చెవి తెగింది, ఒకటి ఎప్పుడూ వెనకబడుతుంది. అచ్చం మావే.

"టీవీల కనబడలేదేంది?" అన్నాను.

"గొర్రెల కిరాయి ఎక్కువైందని టీవోళ్లు తీసేసిండ్రు. పుస్తకంల అన్నీ ఉంటయ్."

నమ్మాను. ఆయన పోయాక, కోదాడలో చదువుకునే మా తమ్ముడి బిడ్డతో ఆఖరి పేజీలు చదివించుకున్నాను.

"అందరూ దిగారత్తా. అక్కడ వాన పడుతోంది. అయిపోయింది."

"మరి గొర్రెలు?"

పిల్ల పేజీలన్నీ తిరగేసింది. "ఈ పుస్తకంలో గొర్రెలే లేవత్తా."

"సరిగ్గ సూడు. చెవి తెగినది ఉంటది."

పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. ముఖంలో నవ్వు కదలనీయకుండా అన్నాళ్లూ చదివాడు, దొంగ మనిషి. నాలుగు తిట్లు తిడదామంటే ఎదురుగా లేడు.

అయినా వాటిని దించాలి కదా. ఆయన చదివినదంతా నాకు గుర్తుంది. నేను మరిచిపోతే మంద ఎవరికీ లేకుండా పోతుంది. అందుకే పిల్లను కూర్చోబెట్టి రాయిస్తున్నాను. ఆయన ఎందుకు రేపటికి వాయిదా వేశాడో కూడా కనిపెట్టాను. గొర్రె కొత్తచోట తనంతట తాను అడుగు పెట్టదు. మంద ముందు మేకను నడిపిస్తాం, దాని వెనక అన్నీ వస్తాయి. పుట్టినప్పటి నుంచి మందలో తిరిగిన మనిషి, ఓడలోకి మేకను ఎక్కించడం మరిచాడు.

"ఇప్పుడు మేకను ఎక్కడి నుంచి తెస్తావత్తా?" అంది పిల్ల.

"మొదటి సంది ఉన్నది. మీ మామ సదవలే."

ఓడ తలుపు తీశారు. బయట సన్నగా వాన. నల్లమేక ముందు దిగింది. చెవి తెగినది దాని వెనక, మిగతావి ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగాయి. వెనకబడేది ఎప్పటిలాగే ఆఖరున దిగింది.

"రాసినవా బిడ్డా? ఏది, 'గొర్రెలు దిగినయా' కాడి నుంచి సదువు. మీ మామ లెక్క మెల్లగ."