పులికాట్ వంతు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, చెన్నైలోని ఒక ఆటల స్టూడియోలో డిజైన్ లీడ్‌గా నాకు చివరి పని అప్పగించారు. అది పాత్ర ధరించి ఆడే కంప్యూటర్ ఆట. ఆటగాడు పులికాట్ సరస్సు ఒడ్డున ఒక జాలరిగా మారి, ఆ మనిషి కష్టసుఖాలన్నీ తానే పడాలి. ఆటలో ఏ నిబంధన ఉండాలో, ఏది పోవాలో తేల్చడం డిజైన్ లీడ్ ఉద్యోగం. తిట్లు తినడం కూడా అందులో భాగమే.

రెండో అధ్యాయం రాసింది సుజాత. సూళ్లూరుపేట దగ్గర సరస్సు ఒడ్డు పిల్ల, మా బృందంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. మంచి చేపలు పడే చోట ఎవరు ఎప్పుడు వల వేయాలో వాళ్ల ఊళ్లో చీట్లు వేసి వంతులు పెట్టుకుంటారు. ఆ కట్టుబాటునే ఆమె ఆటలోకి తెచ్చింది. వంతు వచ్చేదాకా ఆగవచ్చు, దొంగతనంగా వల వేయవచ్చు, లేదా పోట్లాడవచ్చు.

కొత్తవాళ్లతో ఆడించి చూడటాన్ని మేం ప్లేటెస్ట్ అంటాం. అందులో ఈ అధ్యాయం ఘోరంగా దెబ్బతింది. ఆగినవాళ్లు విసుగెత్తి లేచిపోయారు. దొంగిలించినవాళ్లు జరిమానా పడగానే లేచిపోయారు. ఒక కాలేజీ కుర్రాడైతే హెడ్‌ఫోన్లు బల్లమీదకి విసిరేశాడు. అధ్యాయం తీసేయమని, ఆట ఖర్చూ గడువూ చూసే నిర్మాత తొందరపెట్టాడు. తీసేస్తే సుజాతకు ఆ ఆటలో మిగిలే పనేమీ లేదు. ఆమె ఉద్యోగమూ అనుమానమే.

చివరి ప్రయత్నంగా ఇద్దరం లాప్‌టాప్ పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాం. సుజాత మేనత్త పోలమ్మ ఆడటానికి కూర్చుంది. మౌస్ సుజాత చేతిలో, పెత్తనం అత్త నోట్లో. వంతు కోసం ఆగడం ఆవిడకు విసుగే అనిపించలేదు. తీరా వంతు వచ్చాక, తెరమీది పక్కింటి జాలరిని చూపించి పేచీ పెట్టింది.

"ఆ పక్కింటాయన వల చినిగి ఉత్త చేతుల్తో వచ్చినాడు గదే. నా వంతు ఆయనకిస్తా. యాడ నొక్కాల?"

అలాంటిది లేదని సుజాత నసిగింది.

"దొంగతనానికి బటన్ పెట్టినారు, ఇచ్చేదానికి పెట్టలా? ఏం ఆటయ్యా ఇది!" అని నావైపు తిరిగి, లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇది ఎందుకు రాయలేదని సుజాతను అడిగాను. "ఊళ్లో మామూలుగా జరిగేదే గదా సార్, ఆటలో పెట్టేంత విషయమని తోచలేదు" అంది.

వంతు ఇచ్చే బటన్ చేర్చాం. ప్రతిఫలం లేకపోతే ఎవడూ నొక్కడని నిర్మాత పెదవి విరిచాడు. అతని మాట తీసిపారేసేది కాదు. మా వృత్తిలో ప్రతి నొక్కుకీ ఒక కత్తో, నాలుగు బంగారు నాణేలో ఇవ్వాల్సిందే. నాకు పంతం వచ్చింది. బటన్ కిందే స్పష్టంగా రాయించాను: దీనివల్ల మీకేమీ రాదు.

మళ్లీ చెన్నైలో ప్లేటెస్ట్. పోయినసారి లేచిపోయినవాళ్లను కూడా పిలిచాం. వచ్చినవాళ్లలో చాలామంది ఆ బటన్ నొక్కారు. హెడ్‌ఫోన్లు విసిరిన కుర్రాడు కూడా నొక్కాడు. నొక్కి ఊరుకోలేదు. పక్కింటాయన పడవ మంచి చేపలు పడే చోటికి పోయి, కుట్టుకున్న వల వేసి, చేపలతో తిరిగి వచ్చేదాకా తెరకేసి చూస్తూనే ఉన్నాడు. అదంతా ఆగడమే, కానీ ఈసారి అతనికి విసుగు రాలేదు. ఆటగాళ్లకు కనబడకుండా గది అద్దం అవతల నిలబడి నేను చూస్తున్నాను. ఊపిరి లేని బొమ్మకు, ఏమీ రాదని తెలిసీ, మనిషి తన వంతు వదులుకున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత పెద్ద విషయం నేను చూడలేదు. అధ్యాయం ఉంచేయమని నిర్మాతే అన్నాడు. అధ్యాయం నిలిచింది, సుజాతా నిలిచింది.

ఆటగాడు విసుక్కుంటే దారిలోంచి ఏం తీసేయాలా అని చూడటం మా వృత్తిలో అలవాటు. అతను చేయాలనుకున్న ఏ పనికి మనం చోటు పెట్టలేదో ముందు అది చూడాలి.