నా వంతు అరటిపండ్లు

మార్చి లెక్కలు ముగిసినాక, ఏప్రిల్లో ఒక రోజు మా ఆఫీసులో తలా ఒకటి ఇంటి నుంచి చేసుకొచ్చి కలిసి తినేవాళ్ళం. ఇది తొంభైల చివర, పెనుకొండలో. నేను ధర్మవరం నుంచి పొద్దున ప్యాసింజరుకు వచ్చి సాయంత్రం తిరిగి పోయేదాన్ని. ఎవరేం తేవాలో మా సూపరింటెండెంటు సారు చెప్పేవాడు. ఒకామెకు పులిహోర, ఒకాయనకు వడలు. నా దగ్గరికి వచ్చేసరికి, "నువ్వు యాడో ధర్మవరం నుంచి రైల్లో వస్తావు, నీకెందుకమ్మా శ్రమ? అరటిపండ్లు తీసకరా, చాలు" అనేవాడు.

మొదటి సంవత్సరం అది అభిమానమే అనుకున్నా. రెండో సంవత్సరం, హిందూపురం నుంచి బస్సులో వచ్చే ఆయన బకెట్టు నిండా సాంబారు మోసుకొచ్చినాడు. అప్పుడు అర్థమయింది. మాది ఊరి బయటి ఇండ్లు, ఆదివారం చర్చికి పోయే ఇండ్లు. మా పొయ్యి మీద ఉడికింది వీళ్ళు తినరు. అరటిపండుకైతే తొక్క ఉంటుంది కదా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ సారుతో కొట్లాడేదెట్లా? మా అమ్మకు జ్వరమని తెలిస్తే, నేను సెలవు అడగకముందే ఇంటికి పొమ్మనే మనిషి. ఆయన చెడ్డోడయి ఉంటే నాకు ఎంత సులువుగా ఉండేదో.

ఆ తర్వాత మడకశిర నుంచి ఒక పిల్ల బదిలీ మీద వచ్చింది. పెనుకొండలోనే అత్తగారిల్లు. మాంసం వాసన కూడా తగలని ఇల్లు. ఐదో నెల కడుపుతో ఉండాది, ఏం తిన్నా వాంతి. ఒక మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర నా టేబులు మీద క్యారియరు విప్పితే, వాసన పట్టుకొని వచ్చి నిలబడింది.

"ఏమక్కా అది? రోంత పెట్టు."

మా అమ్మ చేసిన చింతచిగురు పప్పు. "మీ ఇంట్లో తెలిస్తే ఏమంటారో" అన్నా. ఆ పిల్ల అప్పటికే చెయ్యి చాపింది. కడుపుతో ఉన్న మనిషి చెయ్యి చాపితే పెట్టకుండా ఎట్లుంటాం? తినింది. వాంతి కాలేదు. మరుసటి రోజు తన కంచం తీసుకొని నా దగ్గరికే వచ్చి కూర్చుంది.

ఆ ఏప్రిల్లో సారు నా పేరు దగ్గర అరటిపండ్లు అనేలోపలే ఆ పిల్ల, "అక్క చింతచిగురు పప్పు తెస్తుంది సార్" అనేసింది. "పాపం, అంత దూరం యాడ మోసుకొస్తుంది" అన్నాడు సారు. నాకు ఒళ్ళు మండింది. "తెస్తా సార్" అన్నా.

ఇంట్లో చెప్తే మా అమ్మ నమ్మలేదు. "వాళ్ళే అడిగినారా?" అని మూడు మార్లు అడిగింది. అడిగినారన్నా. తెల్లవారకముందే పోయి చిగురు కోసుకొచ్చి, పుల్లలేరి, అరచేతుల్లో నలిపి, కందిబ్యాళ్ళలో వేసి ఉడికించి తిరగవాత పెట్టింది. మూత గట్టిగా పట్టే పెద్ద స్టీలు గిన్నెలో పోసి, గుడ్డ కట్టి, నన్ను రైలెక్కించేదానికి స్టేషను దాకా వచ్చింది. ఎప్పుడూ రాదు.

ఆఫీసులో గిన్నె టేబులు మీద పెట్టినా. ఆ పిల్ల రెండు మార్లు వేసుకొని, "వేసుకోండి సార్, ఎంత బాగుందో" అని అందరికీ చెప్పింది. ఒకాయనకు పులుపు పడదంట. ఒకామెకు అప్పటికే కడుపు నిండిందంట. సారు గరిటె ముట్టుకొని, ఏదో ఫోను వచ్చినట్టు లేచిపోయినాడు. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. అని ఉంటే నేనూ రెండు అనేదాన్ని.

గిన్నె నిండుగానే మిగిలింది. మూత పెట్టి మళ్ళీ గుడ్డ కట్టినా. నా బాధ నాకోసం కాదు. సాయంత్రం మా అమ్మ గిన్నె మూత తీస్తుంది, ఆ ముఖం నేను చూడలేను. స్టేషను దాటినాక పట్టాల పక్కన పారబోద్దామనుకున్నా. అన్నం ముద్ద కింద పడితే కండ్లకద్దుకొని తీసే మనిషి వండిందది. దాన్ని పారబోసేదానికి నాకు మనసెట్లా వస్తుంది?

ఆ పిల్ల వెనక నుంచి వచ్చి గిన్నె లాక్కుంది. "నాకియ్యక్కా. రాత్రికి మా ఇంట్లో తింటాం."

"ఎవరింటిదో మీ అత్తకు చెప్తావా?"

"చెప్పే పెడతా."

ఇంటికి పోతే మా అమ్మ వాకిట్లోనే నిలబడి ఉండాది. తిన్నారా అంది. తిన్నారన్నా. గిన్నె ఏదంది. ఆ పిల్ల తీసకపోయిందన్నా. ఆ రాత్రంతా నాకు ఒకటే దిగులు, ఆ అత్త గిన్నెను వీధిలోకి విసిరేసిందేమోనని.

పొద్దున ఆ పిల్ల గిన్నెతో వచ్చింది. బరువుగా ఉండాది. "ఎవరింటిదో చెప్తే మా అత్త మొదట గిన్నెను పక్కకు నెట్టిందక్కా. ఆ తర్వాత తనే అన్నం పెట్టుకొని తినింది. ఖాళీ గిన్నె పంపకూడదని పొద్దున్నే లేచి పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది."

నా కండ్లు నిండినాయి. ఆ పిల్లను పట్టుకొని ఏడ్చేద్దామనిపించింది, ఆఫీసని ఊరుకున్నా. సారు మాత్రం మారలేదు. మరుసటి ఏప్రిల్లో నాకు మళ్ళీ అరటిపండ్లే చెప్పినాడు.

ఓళిగలొచ్చిన నాటి సాయంత్రం గిన్నె మా అమ్మ చేతికిచ్చినా. మూత తీసి ఓళిగలు చూసింది. వాటిని తట్టలోకి తీసి, గిన్నెను వెలుతురుకు పట్టి లోపలా బయటా చూసింది. అడుగున ఉండే నల్లటి మరక కూడా లేదు.

"ఎవరు తోమినారు?"

"వాళ్ళ అత్తేనంట."

మా అమ్మ పెండ్లయిన నాటి నుంచి నాకు ఉద్యోగం వచ్చేదాకా, అప్పట్లో మేముండే బుక్కపట్నంలో పెద్దిండ్ల పెరట్లో అంట్లు తోమింది. ఏ ఇంట్లోనూ ఆమెను వంటింటి గడప దాటనియ్యలేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకొని కూర్చుండిపోయింది.

"మన గిన్నె తోమినారా పాపా?" అనింది.