మేడం వెయ్యని మార్కులు

పోయిన సోమవారం పొద్దుగాల ఆదిలాబాదు నుంచి ఫోనొచ్చింది. మా పాత కాలేజీల ల్యాబు చూసుకునే అన్న. "మన కెమిస్ట్రీ మేడం పోయిందమ్మా. నిద్రలనే పాణం పోయిందట" అన్నడు. నేను బడిల తొమ్మిదో తరగతికి పాఠం మొదలువెట్టబోతున్న. చాక్‌పీసు పట్టుకొని బోర్డు ముంగట అట్లనే నిలబడిపోయిన.

మేడం అంటె నాకు ముందుగాల పొగమంచే యాదికొస్తది. ఆదిలాబాదు చలికాలంల ఎనిమిదైనా ఎదురుంగ మనిషి కానరాడు. పత్తి బండ్లు పోయినంక దూది పింజలు తేలుకుంట వచ్చి ల్యాబు కిటికీల ఊచలకు అంటుకునేటివి. ఏది మంచో ఏది పత్తో తెలవకపోయేది.

గప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. మాది సిరిసిల్ల. బాపు పవర్‌లూమ్ నడిపేటోడు. నేను హాస్టల్ల చేరిన రెండు నెలలకే ఆయనకు పక్షవాతమొచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయినయి. నన్ను కన్న అవ్వ ఒకదిక్కు బీడీలు చేసుకుంట, ఒకదిక్కు ఆయన్ను లేపుకుంట ఒక్కతే అవస్థ పడేది. రెండో సంవత్సరం కరీంనగర్ కాలేజీకి మారితె ఇంటికాడి నుంచే పోయి రావచ్చని నా ఆశ. ఎట్లయిన పోయేదాన్నే కదా అని ఇక్కడి చదువు మీద మనసు పెట్టలే. మొదటి సెమిస్టర్ల సీ గ్రేడు. రెండో సెమిస్టర్ మొదటి ఇంటర్నల్ల కెమిస్ట్రీల ఇరవైకి ఏడు. గిట్లయితె కరీంనగర్ల సీటు రాదని మేడం నన్ను పిలిచి చెప్పింది.

"ఇంటర్ల నాకు మంచి మార్కులున్నయి మేడం. అవి చూసి సీటిస్తరు" అన్న.

"ఇంటర్ మార్కులు నిన్ను గీ కాలేజీ దాక తెచ్చినయి బిడ్డా. వాటి పని అయిపోయింది. అక్కడ ఖాళీలు కొన్నే ఉంటయి. వాళ్లు చూసేది ఇప్పటి మెమోనే."

"అయితె గా ఏడును జర పదిహేను చెయ్యుండ్రి మేడం. మా బాపు కోసం అడుగుతున్న."

మేడం పెన్నుకు మూత పెట్టింది. "చెయ్య" అన్నది.

మెట్ల మీద కూసోని ఏడ్చిన. ఈమెకు తల్లిదండ్రి లేరా అనుకున్న. తెల్లారి తనే నా క్లాసు బయటికొచ్చి నిలబడ్డది. "మార్కు నేను వెయ్య. నువ్వు తెచ్చుకుంటనంటె ఆప. రేపటి సంది ఎనిమిదింటికి ల్యాబుకు రా."

పాఠానికి ముందు రోజూ ఒకటే ప్రశ్న. "బాపు నిన్న ఎన్ని అడుగులేసిండు?" జవాబు కోసం పొద్దుగాలనే అవ్వకు ఫోన్ చెయ్యాల్సొచ్చేది. మూడు, ఐదు, వాకిలి దాక. ఫోన్ చేసి కనుక్కున్నంక మనసు చదువు మీద నిలబడేది. గా సంగతి మేడానికి ముందే ఎరుకనో ఏమో.

ఇంట్ల మరాఠీ మాట్లాడేటోళ్లు కావచ్చు, బ్యూరెట్ గాజుగొట్టంల నుంచి పడే చుక్కల్ని "ఏక్, దోన్, తీన్" అని లోలోపల లెక్కవెట్టేది. కింది సీసల నీళ్లలెక్కనే ఉన్నది ఒక్క చుక్కకు లేత గులాబీ అయ్యేది. "ఆగు. రంగు దాటిపోతె మల్ల ఎనుకకు రాదు" అనేది. ఇద్దరం గా రంగు దిక్కే చూసేటోళ్లం. తర్వాత డబ్బా తీసి జొన్నరొట్టె సగం విరిచి నా చేతిల పెట్టేది.

రెండో ఇంటర్నల్ల పదిహేడు వచ్చింది. సెమిస్టర్ల ఏ గ్రేడు.

కరీంనగర్ల ఆఫీసు సారు మెమో పట్టుకొని, "సీ ఏంది, ఏ ఏంది? రెండూ నీయేనా?" అన్నడు.

"మా బాపు పడిపోయిండు సార్. తర్వాత మా మేడం చదివిపిచ్చింది."

సారు మల్లొకసారి మెమో చూసి సంతకం పెట్టిండు. బయటికొచ్చి మేడానికి ఫోన్ చేసిన. "నాకెందుకు ముందుగాల చెప్తున్నవ్, పో, బాపుకు చెప్పు" అన్నది.

ఆమెను ఆఖరిసారి నిరుడు బాసర్ల చూసిన. తెల్లవారుజామున గోదావరి ఒడ్డుకు స్నానానికి వచ్చింది. కండ్లద్దాలు తీసి నా చేతిలవెట్టి, "ఇవి లేకుంటె నదికి అవతలి ఒడ్డే ఉండదు బిడ్డా, మంచిగుంటది" అని నవ్వి నీళ్లలకు దిగింది. నడుము లోతుల నిలబడి ఎనుకకు తిరిగి చెయ్యూపింది. నేను ఏ దిక్కున్ననో ఆమెకు కానరాలే. నాకు పక్కన, ఎవరూ లేని మెట్ల దిక్కు చూసి, నవ్వుకుంటనే ఊపింది.