నొప్పి నాది, వేలు ఆయనది

పొద్దున్నుంచి మా వీధిలో సిమెంటు రోడ్డు పగలగొడుతున్నారు. ఆ టకటక వినగానే నా కుడి భుజం దానంతటదే బిగుసుకుంది. షాహీన్ మేడం మిషన్ కూడా ఇలాగే మోగేది. ఆమె గురించి ఎప్పుడో రాయవలసింది. అప్పట్లో అక్షరం రాక రాయలేదు. వచ్చాక, కలం పట్టినప్పుడల్లా కోపం వచ్చి పక్కన పెట్టేశాను. ఆ కోపం తగ్గేదాకా ఆగితే ఇక రాయలేనని ఈ రోజు కూర్చున్నాను.

గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో పౌడరు డ్రమ్ములు ఎత్తి పేర్చేదాన్ని. భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు దెబ్బతిని, చెయ్యెత్తి జడ వేసుకోవడం కూడా చేతకాకుండా పోయింది. పటాన్‌చెరు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే షాహీన్ మేడం దగ్గరికి పంపారు. ఆమె భుజానికి జెల్లు రాసి, మిషన్ ఆనించి టకటకమని షాక్‌వేవ్ దెబ్బలు ఇచ్చేది. లోపల సుత్తితో కొట్టినట్టుండేది.

"జెర ఓర్చుకో అక్కా. ఈ మిషన్ లోపల గాయం మానే గుణాన్ని జెర లేపుతది, అంతే. భుజానికి మళ్ల పని నేర్పేది నువ్వే, ఇంట్ల కసరత్తుతోని," అనేది.

రోజూ అంతదూరం పోలేను కనుక కసరత్తు ఫోన్ వీడియోలో చేయించేది. సాయంత్రం అదే ఫోన్‌లో ఆసుపత్రి వాళ్ల యాప్ నొప్పి ఎంత ఉందని రాతలో అడిగేది. నాకు చదువు రాదు, మా ఆయన చూసి నొక్కేవాడు. ఆ జవాబును బట్టి మర్నాటికి ఇంకా గట్టి రబ్బరు బెల్టు లాగమని వచ్చేది. పళ్లు బిగబట్టి లాగేదాన్ని.

మళ్లీ పటాన్‌చెరు వెళ్లినప్పుడు మేడం భుజం ముట్టుకోగానే కెవ్వుమన్నాను.

"ఫోన్ల రోజూ నొప్పి లేదనే ఉంది గదా?"

"మా ఆయన నొక్కిండు మేడం."

ఆయన తల గోక్కున్నాడు. "కంపెనీ కంట్రాక్టర్ ఈమెను జల్దీ పనికి రమ్మంటుండు మేడం. లేకుంటే ఇంకొకరిని పెట్టుకుంటడట."

"నొప్పి ఈమెది, వేలు నీదా అన్నా? చెయ్యి పోతే నీ కంట్రాక్టర్ తెచ్చిస్తడా?" అని కేకేసింది. ఇక నిజమే నొక్కుతానని ఆయన మాట ఇచ్చాడు. తర్వాత నావైపు తిరిగి, "మాది గూడ తప్పే. చదువొస్తదా అని అడగకుండనే ఫోన్ చేతిల పెట్టినం," అంది. ఎందరో డాక్టర్లను చూశాను. ఆ మాట ఇంకెవరి నోటా వినలేదు.

వేళ్లతో గోడమీద పైకి పాకడం నా కసరత్తుల్లో ఒకటి. ఆ వేళ్ల మధ్య సుద్దముక్క పట్టించింది. ఆమె కాగితం మీద అక్షరం రాసి ఫోన్ వీడియోలో చూపితే, నేను చెయ్యి అందినంత ఎత్తున మా ఇంటి గోడమీద రాయాలి.

"ఈ వయసుల బడి పెట్టినవా? కిరాయి ఇల్లు, గోడంత ఖరాబు!" అని మా ఆయన గొణిగేవాడు.

"సున్నం నేను కొనిస్త అన్నా. నువ్వు జెర పక్కకు జరుగు, అక్క కనవడ్తలేదు," అనేది ఫోన్‌లోంచి.

నడుము దగ్గర మొదలైన అక్షరాలు నెమ్మదిగా మెడ ఎత్తుకు ఎక్కాయి. ఒక్క మనిషి మీద ఇంత టైమా అని ఆసుపత్రి వాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. డ్రమ్ములు ఎత్తించిన వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. నొప్పి అడగడానికి మాత్రం ఆ ఫోన్ మిగిలింది.

ఆమె పని మానిపించాక ఒక సాయంత్రం ఆయన భుజం మీదుగా ఫోన్‌లోకి చూశాను. ఇక నిజమే నొక్కుతానని మేడంకు మాట ఇచ్చిన మనిషి వేలు కింద ఉన్న అక్షరాలు కూడబలుక్కున్నాను. "నొప్పి లేదు" అని ఉంది. ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే కంట్రాక్టర్ బండి ఇంటిముందు ఆగింది. "నొప్పి లేదని మీ ఆయన చెప్పిండు గదా అక్కా, బండెక్కు," అన్నాడు. మా ఆయన చొక్కా జేబులోంచి ఫోన్ తీసుకున్నాను. ఇద్దరి ముందూ నా వేలితో "నొప్పి ఉంది" అని నొక్కాను. తర్వాత సుద్దముక్క తీసుకొని, వాళ్లు చూస్తుండగానే గోడవైపు తిరిగి కసరత్తు మొదలుపెట్టాను.