బంగాళాఖాతంలో పేర్లు తిరిగి రావు

తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. బారసాలకి రమ్మని ఫోన్ చేస్తూ, "అక్కా, పిల్లకి పెద్దక్క పేరు పెడదామనుకుంటున్నాను. అమ్మ వద్దంటోంది. నువ్వొచ్చి చెప్తే వింటుందేమో," అన్నాడు. ఆ మాట మీదే సెలవు పెట్టేసి, సాయంత్రం సికింద్రాబాదులో నరసాపురం రైలెక్కేశాను.

పెద్దక్క పేరు మాలతి. తొంభై ఆరు తుఫానులో కొబ్బరిచెట్టు మా ఇంటిమీద పడితే చనిపోయింది. అప్పటికి తనకి పదిహేనేళ్లు, నాకు పన్నెండు. ఆ తర్వాత ఇంట్లో ఎవరం ఆ పేరు పైకి అనలేదు. ఆ పేరు పెట్టి పిలవాలనీ, ఎవరో ఒకరు "ఆఁ" అని పలకాలనీ ఇన్నేళ్లుగా నాకు ఒకటే బెంగ.

నేను ఒక వార్తా చానల్లో వార్తలు రాస్తాను. బయల్దేరిన రోజు కూడా బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది. ఎదురు బెర్తు పాలకొల్లు పెద్దాయన నా ఉద్యోగం సంగతి తెలియగానే అందుకున్నారు.

"ఈసారి దీనికేం పేరెట్టేరండీ?"

"ఇంకా పెట్టలేదండి. గాలి గంటకి అరవై రెండు కిలోమీటర్లకి చేరి తుఫానైతేనే పేరు. అల్పపీడనానికీ వాయుగుండానికీ ఉండదు."

"బారసాల కాని పిల్లన్నమాట," అని నవ్వేరాయన. "మరి హరికేను, టైఫూను అంటారు కదండీ, అయ్యి మనయాటికంటే పెద్దయ్యాండీ?"

అన్నీ ఒకే సరుకని చెప్పాను. అట్లాంటిక్‌లో పుడితే హరికేను, జపాను వైపు పుడితే టైఫూను, మన దగ్గర తుఫాను. వాళ్లు హరికేన్లకి గాలి జోరుని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలేసి ఊరుకుంటారు. మనం తీవ్ర, అతితీవ్ర అంటూ తగిలించుకుంటూ పోతాం. శుభలేఖల అలవాటు ఎక్కడికి పోతుంది! అట్లాంటిక్‌లో ఆరు జాబితాలున్నాయి. ఏడాదికొకటి వాడతారు కాబట్టి ఆరేళ్లకి పాత పేర్లే మళ్లీ వస్తాయి. మరీ ఎక్కువ ప్రాణాలు తీసిన తుఫాను పేరు మాత్రం తీసేస్తారు. మన వైపు పదమూడు దేశాలు బారసాలకొచ్చిన మేనత్తల్లా తలా కొన్ని పేర్లిచ్చాయి. ఇక్కడ ఒకసారి పెట్టిన పేరు మళ్లీ పెట్టరు.

"మరి తొంభై ఆరుదాని పేరేంటండీ?"

"అప్పటికి మన సముద్రంలో ఈ ఆచారం లేదండి."

"తొంభై ఆరు అంటే చాల్లెండి," అని దుప్పటి కప్పుకున్నారాయన.

రాజోలు వైపు వెళ్లేవాళ్లు నరసాపురం దాకా పోనక్కర్లేదు, పాలకొల్లులో దిగితే నేరుగా బస్సులుంటాయి. పొద్దున్నే దిగి, స్టాండు దగ్గర పెసరట్టు తిని బస్సెక్కాను. సన్నగా వాన. చించినాడ వంతెన మీద గోదావరికీ ఆకాశానికీ తేడా తెలియలేదు. దిండిలో హౌస్‌బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉన్నాయి. రాజోలులో ఆటో ఎక్కి తొమ్మిదింటికల్లా మా ఊరు చేరాను.

అమ్మ వరండాలో ఉయ్యాలకి బంతిపూల దండ కడుతోంది. పక్కన కూర్చుని నా వాదన మొదలుపెట్టాను. "నాకు నాయనమ్మ పేరు పెట్టలేదా అమ్మా? పేర్లు తిరిగి రావాలి కదా. అట్లాంటిక్ సముద్రంలో కూడా..."

"ఆ సముద్రం గొడవ నాకెందుకే," అంది అమ్మ.

"అర్ధాంతరంగా పోయినవాళ్ల పేరని భయమా?"

"భయమెందుకే నాకు?" దండ ఒళ్లో పెట్టేసింది. "ఆ పేరు పెట్టి పిలిస్తే ఈ పిల్ల పలుకుద్ది. అప్పుడు నా పిల్లని నేనేమని పిలుచుకోవాలే?"

"నువ్వు పిలవగా నేనెప్పుడూ వినలేదమ్మా."

"మీకు వినపడేలా పిలుస్తానేంటే?"

తమ్ముడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. మర్నాడు వాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో 'వెన్నెల' అని రాశాడు. మేనత్తని కాబట్టి పిల్ల చెవిలో ఆ పేరు మూడుసార్లు నేనే చెప్పాను. నాలుగోసారి అక్క పేరు నోటిదాకా వచ్చింది, మింగేశాను. అమ్మ మాత్రం ఉయ్యాల ఊపుతూ చక్కగా పాట అందుకుంది.

భోజనాలయ్యాక తిరుగు బస్సెక్కాను. వాయుగుండం బలహీనపడిపోయిందని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. దానికిక పేరు లేనట్టే. కోనసీమ వెళ్లినవాళ్లు కొబ్బరితోటల గురించీ పూతరేకుల గురించీ చెప్తారు. నాకు ఈసారి మిగిలింది అమ్మ మాట ఒక్కటే. అమ్మ బంగాళాఖాతం ఒడ్డున పుట్టిన మనిషి, అట్లాంటిక్ పద్ధతి ఎందుకు ఒప్పుకుంటుంది?

బస్సు చించినాడ వంతెన ఎక్కింది. అక్కని చూడాలనిపించింది. కిటికీ అద్దం జరిపి, గోదారి మీదికి గట్టిగానే పిలిచాను. "మాలతక్కా!"

పక్క సీటావిడ ఉలిక్కిపడింది. "ఎవరినండీ పిలిచేరు?"

"మా అక్కనండి."

"అయ్యో, బస్సెక్కలేదాండీ?"

"లేదండి."

"కంగారు పడకండి. ఎనకాల ఇంకో బస్సుంది, దాంట్లో వచ్చేత్తారు."

"ఆయ్," అన్నాను.